అబుగిడ అంటే మన గుణింతమే

గుణింతం అనగానే మనలో చాలామందికి పలక, బలపం, వీపు మీద దెబ్బ గుర్తుకొస్తాయి. క, కా, కి, కీ అని రాగం తీసి చదవని పిల్లకాయ మన హాస్టల్లో ఉండడు. అయితే ఈ గుణింతపు పద్ధతికి ప్రపంచంలోని భాషాశాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు తెలుగు నుంచి గానీ, సంస్కృతం నుంచి గానీ రాలేదు. ఆ పేరు 'అబుగిడ'. అది ఆఫ్రికా ఖండంలోని ఇథియోపియా మాట. 1990లో పీటర్ డేనియల్స్ అనే అమెరికా పండితుడు ప్రపంచ లిపులను తరగతులుగా విడదీస్తూ, మన తెలుగు, హిందీ, తమిళం, సింహళం, బర్మీస్ లాంటి లిపులన్నిటికీ కలిపి ఆ పేరు వాడాడు. మన లిపికి ఇథియోపియా పేరు ఎందుకు వచ్చింది? ఆ దేశంలో గుణింతాలు ఎప్పుడు పుట్టాయి? ఆ కాలంలోనే అక్కడ క్రైస్తవం అడుగుపెట్టిన మాటేమిటి? వీటిని గురించి, మన నెల్లూరు తీరంతో దీనికి ఉన్న సంబంధం గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ముందుగా ఒక ఆట. హాస్టల్ నోటీసు బోర్డు మీద ఎవరో ఇలా రాశారనుకోండి: ర ప క డ క ర. గుణింతాలు లేవు, ఒత్తులు లేవు, ఒట్టి హల్లులే. పాతవాళ్ళు చూడగానే "రేపు కోడి కూర" అని చదివి కేక పెడతారు. ఎందుకంటే రేపు ఆదివారమని, ఆదివారం మెనూ ఏమిటో వాళ్ళకు ముందే తెలుసు. నిన్న సాయంత్రం ట్రంకు పెట్టెతో దిగిన ఆరో తరగతి పిల్లవాడి సంగతి వేరు. 'క డ' అంటే కోడి కావచ్చు, కూడు కావచ్చు, కాడి కావచ్చు, కోడె కావచ్చు. 'క ర' అంటే కూర, కారు, కీర, కరి, ఏదైనా కావచ్చు. 'మ న' అని రాస్తే సముద్రం పక్క ఊరివాడు మీను అంటాడు, మెట్ట ఊరివాడు మాను అంటాడు, గుడి దగ్గరివాడు ముని అంటాడు.

అంటే హల్లులు మాత్రమే ఉన్న రాతను చదవాలంటే అక్కడ ఏముందో చదివేవాడికి ముందే కొంత తెలిసి ఉండాలి. తెలియనివాడి పక్కన తెలిసినవాడు ఒకడు కూర్చోవాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తక్కిన కథ అంతా తేలికగా అర్థమవుతుంది.

ఇలా హల్లులతోనే రాసే లిపులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. హీబ్రూ, అరబ్బీ, సిరియాక్, పాత పారసీకుల పహ్లవి అన్నీ ఆ కోవకు చెందినవే. వీటిని 'అబ్జద్' లిపులంటారు. అలిఫ్, బా, జీమ్, దాల్ అనే అరబ్బీ అక్షరాల పాత వరుస నుంచి వచ్చిన పేరది. మరి అచ్చులు లేకుండా వాళ్ళు ఇన్ని వేల ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చారు? వాళ్ళ భాషల కట్టడమే వేరు. అరబ్బీ, హీబ్రూ భాషల్లో ఎక్కువ మాటలకు మూడు హల్లుల వేరు ఉంటుంది. క-త-బ అనే వేరు తీసుకోండి, అది రాతకు సంబంధించింది. కితాబ్ అంటే పుస్తకం అని మన హిందీ వాచకంలోనే ఉంది. కాతిబ్ అంటే రాసేవాడు. మక్తబ్ అంటే బడి. హల్లులు అర్థాన్ని పట్టుకుని ఉంటే, అచ్చులు వ్యాకరణం పని చూసుకుంటాయి. భాష వచ్చినవాడు వాక్యాన్ని బట్టి అచ్చులను తనే నింపుకుంటాడు. ఈనాటికీ అరబ్బీ, హీబ్రూ దినపత్రికలు దాదాపు అచ్చు గుర్తులు లేకుండానే అచ్చవుతున్నాయి, లక్షలమంది చదువుతున్నారు. కాబట్టి ఆ లిపులు మనకంటే తక్కువవని ఎవరూ అనుకోకూడదు. అచ్చు పోతే మాటే పోయే తెలుగుకు మాత్రం ఆ పద్ధతి కుదరదు.

కానీ మత గ్రంథం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకూ చిక్కు వచ్చింది. రోజువారీ ఉత్తరంలో ఒక అచ్చు అటూ ఇటూ అయితే నష్టం లేదు. దేవుని మాటలో ఒక్క అచ్చు మారినా ఊరుకోరు కదా. అందుచేత ఖురాన్ చదవడం నేర్పేటప్పుడు హల్లుల పైనా కిందా చిన్న గీతలు పెడతారు. మన ముస్లిం మిత్రులు చిన్నప్పుడు మసీదులో నేర్చుకున్న జబర్, జేర్, పేష్ అవే. యూదుల పండితులు కూడా క్రీస్తు శకం 7 నుంచి 10వ శతాబ్దం దాకా తిబెరియా పట్టణంలో కూర్చుని హీబ్రూ బైబిలుకు అచ్చుల చుక్కలు పెట్టారు. వారిని మసోరెట్లు అంటారు.

ఇక్కడ మన ఇళ్ళల్లో రోజూ వినపడే ఒక మాట సంగతి చెప్పాలి. హీబ్రూలో దేవుని పేరు నాలుగు హల్లులు: య, హ, వ, హ. ఆ పేరును నోటితో పలకడం మహాపరాధమని యూదులు దాన్ని పలకడం మానేశారు. ఆ నాలుగు హల్లులు కనబడినచోట 'అదోనాయ్', అంటే ప్రభువు, అని చదివేవారు. మసోరెట్లు చుక్కలు పెట్టేటప్పుడు, ఇక్కడ అదోనాయ్ అని చదవండి అని గుర్తు చేయడానికి ఆ నాలుగు హల్లులకు అదోనాయ్ లోని అచ్చులు తగిలించారు. ఆ ఆచారం తెలియని ఐరోపా పండితులు తర్వాతి కాలంలో ఈ హల్లులనూ ఆ అచ్చులనూ కలిపి చదివారు. అలా పుట్టిన మాటే తెలుగు బైబిల్లోని 'యెహోవా'. అసలు ఉచ్చారణ 'యాహ్వే' అయి ఉండవచ్చని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. రాతలో అచ్చు లేకపోతే దేవుని పేరే మారిపోయింది చూడండి!

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన తీరంలోనే ఉంది. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై. అక్కడ సెయింట్ థామస్ మౌంట్ కొండ మీది చర్చిలో ఒక రాతి సిలువ ఉంది. 1547లో పోర్చుగీసువారు పునాదులు తవ్వుతుంటే బయటపడింది. సిలువ చుట్టూ ఒక వంపుగా ఏవో అక్షరాలు. అది ఏ లిపో ఎవరికీ తెలియలేదు. ఒక పండితుణ్ణి పిలిపించి అడిగితే, ఆ కొద్ది అక్షరాల్లోంచి తోమా అపొస్తలుడి చరిత్ర అంతా చదివి వినిపించాడట! పోర్చుగీసువారు దాన్ని నమ్మి రాసుకున్నారు కూడా. 1873లో బర్నెల్ అనే మద్రాసు సివిల్ ఉద్యోగి అది పహ్లవి లిపి అని తేల్చాడు. పారసీక దేశం నుంచి సముద్రం మీద వచ్చిన క్రైస్తవులు ఏడు, ఎనిమిది శతాబ్దాల ప్రాంతంలో చెక్కించినదన్న మాట. అయినా చిక్కు తీరలేదు. పహ్లవిలో అచ్చులు లేకపోవడం అటుంచి, వ, న, ర మూడింటికీ ఒకే గీత సరిపెట్టే అలవాటు ఉంది. బర్నెల్ తర్వాత అరడజను మంది మహా పండితులు ఆ ఒక్క వాక్యాన్ని చదివారు. మెస్సీయను కరుణించమని వేడుకునే ప్రార్థన అని ఇప్పుడు చాలావరకు ఒప్పుకుంటారు గానీ, ఆ సిలువ చేయించినవాడి పేరు దగ్గర మాత్రం ఒకరు చదివింది ఒకరికి సరిపడదు. పాపం, పేరు నిలవాలని రాయి మీద చెక్కించుకున్నాడు.

ఇప్పుడు ఇథియోపియాకు వద్దాం.

ఎర్ర సముద్రానికి అవతలి ఒడ్డున, నేటి ఇథియోపియా, ఎరిత్రియా దేశాల ఎత్తు భూముల్లో ఒకప్పుడు అక్సుం అనే రాజ్యం ఉండేది. దాని ఓడరేవు అడులిస్. ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ములు అక్కడి నుంచి బయటికి పోయేవి, మన దేశం నుంచి నూలు బట్టలు అక్కడికి దిగేవి. వారి భాష గీజ్. దాన్ని రాయడానికి ఎదుటి ఒడ్డున ఉన్న దక్షిణ అరేబియా లిపి నుంచి అక్షరాలు తెచ్చుకున్నారు. ఆ అక్షరాలు ఒట్టి హల్లులే, అంటే అబ్జద్.

క్రీస్తు శకం 4వ శతాబ్దంలో ఆ రాజ్యాన్ని ఎజానా అనే రాజు ఏలాడు. అతని శాసనాలు ఇప్పటికీ అక్సుంలో నిలిచి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని గ్రీకులోనూ గీజ్‌లోనూ చెక్కించాడు, ఆ గీజ్‌ను కూడా మళ్ళీ రెండు లిపుల్లో! మొదటి శాసనాల్లో ఎజానా తనను మహ్రేమ్ అనే యుద్ధ దేవుడి కొడుకునని చెప్పుకున్నాడు. తర్వాతి వాటిలో ఆ దేవుడు కనపడడు, పరలోక ప్రభువు కనపడతాడు. ఒక గ్రీకు శాసనంలో అయితే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరే ఉంది. అతని నాణేల మీద మొదట నెలవంక, సూర్యబింబం ఉండేవి. తర్వాత వాటి స్థానంలో సిలువ వచ్చింది. సరిగ్గా ఇదే రాజు కాలంలో గీజ్ లిపికి గుణింతాలు వచ్చాయి. అతని పాత శాసనాల్లో ఒట్టి హల్లులు, తర్వాతి శాసనాల్లో నిండుగా అచ్చులు.

ఎజానా దగ్గరికి క్రీస్తు మతం ఎలా చేరిందో 4వ శతాబ్దం చివర, 5వ శతాబ్దం మొదట జీవించిన రూఫినస్ అనే చరిత్రకారుడు రాశాడు. మెరోపియస్ అనే తూరు పట్టణపు పండితుడు ఇద్దరు కుర్రవాళ్ళను వెంటబెట్టుకుని 'ఇండియా' చూడ్డానికి ఓడెక్కాడట. (ఆ రోజుల్లో గ్రీకులు, రోమన్లు ఎర్ర సముద్రం దాటిన దేశాలన్నిటినీ ఇండియా అనేసేవారు. ఇథియోపియా కూడా వాళ్ళకు ఒక ఇండియానే.) తిరుగు ప్రయాణంలో మంచినీళ్ళ కోసం ఓడ ఒక రేవులో ఆగితే, అక్కడివాళ్ళు దాడి చేసి ఓడలో ఉన్నవాళ్ళందరినీ చంపేశారు. కుర్రవాళ్ళు ఇద్దరూ మాత్రం ఒడ్డున చెట్టుకింద కూర్చుని పాఠాలు చదువుకుంటున్నారట! ఆ పిల్లలను చూసి జాలిపడి చంపకుండా రాజు దగ్గరికి తీసుకుపోయారు. ఇద్దరిలో ఒకడు ఏడీసియస్, రాజుకు పాత్ర అందించేవాడయ్యాడు. రెండోవాడు ఫ్రుమెంటియస్, తెలివిగలవాడని లెక్కలూ ఉత్తరాలూ అతనికి అప్పగించారు. రాజు చనిపోయాక, చిన్నవాడైన రాకుమారుడు పెద్దయ్యేదాకా రాజ్యం చూడమని రాణి వీళ్ళనే అడిగింది. ఆ సమయంలో ఫ్రుమెంటియస్ రోమన్ వర్తకుల్లో క్రైస్తవులను వెతికి ప్రార్థన స్థలాలు ఏర్పాటు చేయించాడు. తర్వాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వెళ్ళి అక్కడి బిషప్ అథనాసియస్‌ను, ఈ దేశానికి ఒక బిషప్‌ను పంపమని కోరితే, నీకంటే తగినవాడు ఎవరని అతన్నే అభిషేకించి పంపాడు. ఇథియోపియా వాళ్ళు అతన్ని అబ్బా సలామా అని ఇప్పటికీ తలుచుకుంటారు. ఈ కథను తాను ఏడీసియస్ నోటనే విన్నానని రూఫినస్ రాశాడు. 356లో రోము చక్రవర్తి కాన్‌స్టాంటియస్ ఎజానాకు రాసిన ఉత్తరంలో ఫ్రుమెంటియస్ పేరు ఉంది, కాబట్టి మనిషి కల్పితం కాదు.

చెట్టుకింద చదువుకుంటూ ప్రాణం దక్కించుకున్న విద్యార్థి కథ మన హాస్టల్ వాళ్ళకు నచ్చకుండా ఉంటుందా?

ఇక ఆ గుణింతం సంగతి. గీజ్‌లో హల్లులు 26, ఒక్కొక్క దానికి ఏడు రూపాలు, మొత్తం 182. మన తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము లాగానే అక్షరం ఒంటికే గుర్తు అంటిస్తారు. 'ల' అక్షరం రెండు కాళ్ళ మీద నిలబడ్డ మనిషిలా ఉంటుంది. నడుము దగ్గర కుడి వైపు ఒక గీత పెడితే లు. ఆ గీతను పాదం దగ్గరికి దించితే లి. ఎడమ కాలు పొట్టి చేస్తే లా. కుడి పాదానికి ఒక సున్నా తగిలిస్తే లే. మొత్తం వరుస: ల, లు, లి, లా, లే, ల్, లో. ఆరోది మన పొల్లు లాంటిది. అచ్చు లేనప్పుడూ అదే రాస్తారు, పలికీ పలకనట్టుండే ఒక పొట్టి అచ్చుకూ అదే రాస్తారు. మా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయడానికి ఇథియోపియా నుంచి వచ్చినవారు ఉన్నారు. వారిలో ఒకాయన మెస్‌లో మా కోసం హ, హు, హి, హా, హే, హ్, హో అని రాగం తీస్తే, మేము క, కా, కి, కీ అందుకున్నాం. రాగం కూడా ఇంచుమించు ఒకటే! మనం ఓనమాలు అన్నట్టు వాళ్ళు 'హ హు' అంటారట.

మరి అబుగిడ మాట? పాత సెమిటిక్ వరుసలో మొదటి నాలుగు హల్లులు తీసుకుని, వాటికి వరుసగా మొదటి నాలుగు అచ్చులు తగిలిస్తే వచ్చేది అది: అ, బు, గి, డా. హల్లు మారుతుంది, గుణింతమూ మారుతుంది. మనం క, ఖా, గి, ఘీ అని చదివినట్టన్న మాట.

గీజ్ గుణింతంలో లోటు ఒకటి ఉంది. దానికి ఒత్తులు లేవు. గీజ్ లిపిలోనే రాసే నేటి అమ్హారిక్ భాషలో 'అలె' అంటే అన్నాడు, 'అల్లె' అంటే ఉంది. రెండూ ఒకేలా రాస్తారు. చదివేవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. ఈ విషయంలో మన లిపి ఒక మెట్టు పైన ఉందని మా అభిప్రాయం. ఒత్తులు నేర్చుకోలేక ఏడ్చే తమ్ముళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ గుణింతం ఆలోచన అక్సుం వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది? మన బ్రాహ్మి లిపి నుంచే వచ్చిందని కొందరు పండితులు అంటారు. గ్రీకు చదువుకున్న క్రైస్తవ బోధకులు గ్రీకు అచ్చులను చూసి పెట్టారని కొందరు, అక్కడివాళ్ళే సొంతంగా ఆలోచించారని కొందరు. బ్రాహ్మి వాదానికి బలం సముద్రమే. ఇథియోపియాలోని డెబ్రె దామో మఠంలో 1940లో కుషాణు రాజుల బంగారు నాణేలు వందకు పైగా దొరికాయి. అరేబియా సముద్రంలో సొకోత్రా అనే దీవి ఉంది. అక్కడి హోక్ గుహలోకి 2000 సంవత్సరం చివర బెల్జియం పరిశోధకులు వెళితే, లోపల గోడల మీద, రాళ్ళ మీద పాత నావికులు గీసిన పేర్లు రెండు వందలకు పైగా కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం బ్రాహ్మి. గుజరాత్ తీరపు భరుకచ్ఛం నుంచి వచ్చామని కూడా రాసుకున్నారు. వాటి పక్కనే దక్షిణ అరేబియా అక్షరాలు, అక్సుం వాళ్ళ రాతలు కొన్ని. బస్సు సీటు వెనక మన పిల్లకాయలు పేర్లు చెక్కినట్టే! మొత్తం మీద గుణింతం ఉన్న లిపి, గుణింతం లేని లిపి ఒకే గుహలో చీకట్లో పక్కపక్కన ఉన్నాయి. అంతమాత్రాన ఒకటి చూసి ఇంకొకటి నేర్చుకుందని రుజువైనట్టు కాదు. అచ్చుల వరుస వేరు, గుర్తులు పెట్టే తీరు వేరు. కానీ ఆ ఆలోచన చెవిన పడే అవకాశం మాత్రం ఉంది.

మన తూర్పు తీరం కూడా ఆ వ్యాపారంలో ఉన్నదే. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం 'పెరిప్లస్'లో కృష్ణా ముఖద్వారం వైపు తీరాన్ని మసాలియా అని, అక్కడ మంచి బట్టలు తయారవుతాయని రాశారు. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి పాడుబడ్డ చిన్న గుడి అవశేషాలు తగిలి, ఒక కుండ బయటపడింది. అందులో ట్రాజన్, హేడ్రియన్ కాలపు రోమన్ బంగారు నాణేలు ఉన్నాయి. కొన్ని కరిగిపోగా కొన్ని మద్రాసు చేరాయి. ఇకపోతే గుణింతం మీద ప్రయోగం మన దగ్గరా జరిగింది. రేపల్లె దగ్గరి భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన ధాతు కరండాల మీది రాత క్రీస్తు పూర్వపుది. మామూలు బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని హల్లు అంటే దానిలో 'అ' ఉన్నట్టే. భట్టిప్రోలు లేఖకులు అలా ఊరుకోలేదు. 'అ' కు కూడా ఒక గుర్తు పెట్టారు. మన అక్షరాల తలకట్టు చూసినప్పుడల్లా మాకు ఆ లేఖకులు గుర్తుకొస్తారు.

క్రైస్తవం వల్లనే గీజ్‌కు అచ్చులు వచ్చాయా అంటే, అలా తేల్చి చెప్పడానికి శాసనం ఏదీ లేదు. కానీ ఆ కాలాన్ని ఒకసారి చూడండి. అదే 4వ శతాబ్దంలో ఉల్ఫిలా అనే బిషప్ గోతు జాతివారికి లిపి కట్టి బైబిలు అనువదించాడు. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్టోట్స్ ఆర్మీనియా వారికి లిపి తయారుచేశాడు. ఈజిప్టువాళ్ళు గ్రీకు అక్షరాలు తీసుకుని కోప్టిక్ రాసుకున్నారు. ఒక పుస్తకాన్ని నమ్ముకున్న మతం కొత్త భాషలోకి పోయిన చాలాచోట్ల అచ్చులు ఉన్న లిపి కావలసి వచ్చింది. రాజు శాసనం చదవడానికి ఆస్థానంలో లేఖకుడు ఉంటాడు. ఎక్కడో కొండ మీది మఠంలో, ఎన్నడూ వినని యెషయా గ్రంథాన్ని తప్పు లేకుండా పైకి చదవాలంటే అచ్చులు కాగితం మీదే ఉండాలి.

అలా గీజ్‌లోకి బైబిలు వచ్చింది. అబ్బా గరిమా మఠంలోని సువార్త ప్రతులను కార్బన్ పరీక్ష చేస్తే 4 నుంచి 7వ శతాబ్దాల మధ్యవని తేలింది. బొమ్మలతో ఉన్న సువార్త ప్రతుల్లో ప్రపంచంలోకెల్లా పాతవాటిలో అవి ఉన్నాయి. మన బైబిల్లో యూదా పత్రిక చదివినవారికి అందులో హనోకు ప్రవచనం ప్రస్తావన గుర్తుండే ఉంటుంది. ఆ హనోకు గ్రంథం మిగతా భాషల్లో ముక్కలు ముక్కలుగానే మిగిలింది. పూర్తిగా నిలిచింది ఒక్క గీజ్‌లోనే.

అచ్చులు వచ్చినంత మాత్రాన అందరూ చదివేశారా? లేదు. గీజ్ జనం నోట ఆగిపోయి గుడి భాష అయింది. చదువు వెయ్యేళ్ళకు పైగా గురువుల దగ్గర, మఠాల దగ్గర ఉండిపోయింది. 1979లో అక్కడి ప్రభుత్వం అదే లిపిలో పదిహేను భాషల్లో అక్షరాస్యతా ఉద్యమం నడిపినప్పుడు గానీ రైతు ఇంటికి 'హ హు' చేరలేదు.

మన కథ దీనికంటే మేలేమీ కాదు. మన లిపికి గుణింతాలు మొదటినుంచీ ఉన్నాయి. నెల్లూరు తిక్కన గారి ఊరు. కానీ పాలెంలో పుట్టినవాడికి ఆ అక్షరం చూపించినవాడు లేడు. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టాడు. 1849లో లైమన్ జ్యువెట్ వచ్చాడు. తెలుగు కొత్త నిబంధన సవరణలో ఆయన చెయ్యి ఉంది. 1876–78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చాడు. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అక్షరం వచ్చినవారు బహు తక్కువ. వాక్యం చెవులతో విన్నారు. తర్వాత పల్లెల్లో మిషన్ బడులు వచ్చాయి. ఒకే పంతులు పగలు పిల్లలకు అఆలు, రాత్రి పెద్దలకు వాక్యం. మతం సంగతి ఎవరి నమ్మకం వారిది. ఆ బడి గడపకు మాత్రం మనలో చాలామంది తాతలు రుణపడి ఉన్నారు.

మా నాయనమ్మల్లో కొందరు ఇప్పటికీ బైబిలు తెరిచి, వేలు పెట్టి, 23వ కీర్తన తడుముకోకుండా చదువుతారు. పక్క పేజీ తిప్పితే చదవలేరు. ఆ కీర్తన వాళ్ళకు నోటికి వచ్చు, అంతే. నోటీసు బోర్డు ఆటలో పాతవాళ్ళు చదివినట్టే, తెలిసినదాన్ని చదవడం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు కాబట్టి ఆ పక్క పేజీ విలువ మాకు తెలుసు.

ఆ పక్క పేజీ తిప్పినవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని గుణింతాలు దిద్దారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా అంగడిని మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. మిగతా ఊళ్ళ ఆడవాళ్ళు దాన్ని చదివారు. ఎవరూ ముందు చెప్పని సంగతి, నోటికి రాని సంగతి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. 1992లో ఊరూరా సారా పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది 1997లో సడలిపోయిన సంగతీ మనకు తెలిసిందే.

ఆ వాచకం పాత ప్రతి మన హాస్టల్ లైబ్రరీలో లేదు. పూర్వ విద్యార్థుల్లో ఎవరి అమ్మగారి దగ్గరైనా, అత్తగారి దగ్గరైనా ట్రంకు పెట్టె అడుగున ఉంటే తెచ్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. అట్ట చినిగి ఉన్నా ఫరవాలేదు, బైండింగ్ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.